చిన్న ఇంట్లో రెండు షుగర్ గ్లైడర్లకు ఎలాంటి కేజ్ తీసుకోవాలి?

మూడోమెట్టు

నమస్కారమండీ. రెండు గ్లైడర్లు (ఉడుతలా ఉండి చెట్టు నుంచి చెట్టుకి గాల్లో తేలే చిన్న జీవాలు), రెండూ పూర్తిగా ఎదిగినవే. గదిలో ఖాళీగా ఉన్నది ఒక్క మూల: గోడ వెంట 75 సెం.మీ., ముందుకు 70 సెం.మీ. పైకి మాత్రం సీలింగ్ దాకా ఖాళీయే. పడుకునేదీ ఆ గదిలోనే.

మూడు కేజ్‌లు చూసి పెట్టుకున్నాను. ఒకటి చిలకల పంజరం, 60×50×150 సెం.మీ., చువ్వల మధ్య సందు 19 మి.మీ. రెండోది చిట్టెలుకలకు అమ్మే రెండంతస్తులది, 60×40×60, సందు 9 మి.మీ. మూడోది ఫెరెట్ల కేజ్, 65×60×100, సందు 25 మి.మీ. వీటిలో ఏది నయం? లేక మెష్ తెచ్చి కట్టుకోవడమే మేలా?

రాత్రికాపలా

కొలతలతో సహా అడిగారు, సగం పని అయిపోయినట్టే. అయితే మొదట చూడాల్సింది కేజ్ సైజు కాదండీ, సందు. గ్లైడర్‌కి తల దూరితే ఒళ్ళు దూరినట్టే. బరువు మహా అయితే 90 నుంచి 150 గ్రాములు, అందులో సగం బొచ్చే అనిపిస్తుంది. పైపరిధి అర అంగుళం, అంటే 12.7 మి.మీ. అంతకంటే ఎక్కువున్నది ఎంత బాగున్నా పక్కన పెట్టేయండి. కాబట్టి మీ ఒకటీ మూడూ అక్కడే పోయాయి.

ఇంకో మెలిక ఉంది. కొందరు అమ్మేవాళ్లు చెప్పే సందు చువ్వ మధ్య నుంచి చువ్వ మధ్యకి కొలిచింది, కొందరిది లోపలి అంచు నుంచి లోపలి అంచుకి. మీకు కావాల్సింది రెండోది. స్కేలు పెట్టి మీరే కొలవండి. కొలిచేటప్పుడు రెండు చువ్వలని వేళ్లతో పట్టుకుని పక్కకి లాగి చూడండి. సన్న చువ్వ 60 సెం.మీ. పొడవునా మధ్యలో ఎక్కడా అడ్డతీగ లేకపోతే సాగుతుంది. కాగితం మీద 12 ఉన్నది నడిమధ్యలో 16 అవుతుంది.

రెండో కేజ్ సందు బాగుంది, ఎత్తు చాలదు. జంటకి కనీసం 61×61 సెం.మీ. అడుగుభాగం, 91 సెం.మీ. ఎత్తు అని చాలామంది పాటిస్తారు. అది కనీసం మాత్రమే. ఇవి చెట్ల తొర్రల్లో గుంపుగా బతికే జీవాలు, నేల మీదకి దిగడమే అరుదు. పడుకునే సంచీ పైన, తిండి నడిమికి, కింద ట్రే. 60 సెం.మీ. ఎత్తులో ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పడతాయి, తిండి గిన్నెలో ఉచ్చ పడుతుంది.

తోకచివర

ఒక్క మాట. 61×61×91 అంటే సుమారు 339 లీటర్ల చోటు. 45×45×150 అన్నా 304 లీటర్లు వస్తుంది, నేల మీద తీసుకునే జాగా దాదాపు సగమే. చిన్న ఇంటికి సన్నగా పొడుగ్గా ఉన్నదే మేలు కదా? అందరూ ఆ 61 అంకెనే ఎందుకు పట్టుకుని వేలాడతారో అర్థం కాదు.

రాత్రికాపలా

లీటర్ల లెక్క నీళ్ల ట్యాంకుకి పనికొస్తుందండీ. 45 సెం.మీ. అడుగుభాగంలో అవి పరిగెత్తే 30 సెం.మీ. వీల్ పెడితే పక్కన మిగిలేది 15. కొమ్మ నుంచి సంచీ మీదకి దూకడానికి అడ్డంగా ఖాళీయే ఉండదు, పైకీ కిందికీ పాకడం తప్ప. కేజ్‌లో ఎలాగూ గాల్లో తేలవు, బయట 50 మీటర్ల దాకా తేలగల జీవికి ఏ పంజరమూ సరిపోదు. కానీ కాళ్లు చాచి ఒక గోడ నుంచి ఎదుటి గోడకి ఒక్క దూకు దూకగలగాలి. దానికి ఒక వైపైనా 55 సెం.మీ. ఉండాలి. ఎత్తు పెంచితే మంచిదే, వెడల్పు మింగి పెంచితే మాత్రం కాదు.

మూడోమెట్టు గారి మూలలో 60×60 హాయిగా పడుతుంది, గోడకి 10 సెం.మీ. వదిలినా సరే.

తోకచివర

ఒప్పుకున్నాను, వీల్ సంగతి తట్టలేదు. అయితే ఆ చిలకల పంజరానికే లోపలి నుంచి సన్న మెష్ తొడిగితే? 150 ఎత్తు ఊరికే పోతోంది.

జల్లెడ

తొడగొచ్చు గానీ పనికి తగ్గ ఫలం దక్కదు. మెష్ బయట కడితే చువ్వకీ మెష్‌కీ మధ్య కాలో తోకో ఇరుకుతుంది. లోపల కడితే ఆ రెండు పొరల మధ్యన ఉచ్చ ఎండి గడ్డకడుతుంది, బ్రష్ దూరదు. పైగా చిలకల పంజరానికి తిండి గిన్నెల తలుపులు మూడో నాలుగో ఉంటాయి, అన్నీ పైకి జరిపే రకం. గ్లైడర్ ముక్కు కింద పెట్టి ఒక్క ఎత్తు ఎత్తిందంటే ఆ తలుపు తెరుచుకుంటుంది, తోక దాటగానే మళ్లీ దానంతటదే పడిపోతుంది. పొద్దున చూస్తే తలుపులన్నీ మూసే ఉంటాయి, లోపల ఒకటే ఉంటుంది! ఏ కేజ్ కొన్నా, పైకి జరిగే ప్రతి తలుపుకీ ఒక స్ప్రింగ్ కొక్కెం వేయాల్సిందే. బట్టల క్లిప్పులూ ప్లాస్టిక్ ట్యాగులూ లెక్కలోకి రావు.

మెష్‌తో కట్టుకోవడమంటారా, 60×60×100 కి లెక్క ఇస్తాను. వద్దనుకుంటే ఈ పోస్టు వదిలేయండి.

పీవీసీ పూత ఉన్న వెల్డెడ్ మెష్, రంధ్రం 12.7×25.4 మి.మీ., తీగ మందం 1.6 మి.మీ. పూతతో కలిపి తీగ 2 మి.మీ. దాకా వస్తుంది కాబట్టి అసలు సందు 10–11 మి.మీ. మిగులుతుంది. రంధ్రం పొడవు వైపు అడ్డంగా రావాలి. అప్పుడు ప్రతి అర అంగుళానికీ ఒక అడ్డతీగ, ఎక్కడానికి నిచ్చెన మెట్లలా ఉంటుంది. రోల్‌లో రంధ్రాలు ఏ దిక్కున ఉన్నాయో కొనేముందే చూసుకోండి. తిరగబడి ఉంటే 60 వెడల్పు రోల్ మీకు పనికిరాదు, 100 వెడల్పుది తీసుకోవాలి.

60 వెడల్పు రోల్ అయితే నాలుగు గోడలకి 4 మీటర్లు, పైకప్పుకీ అడుగుకీ 60 చొప్పున 1.2 మీటర్లు. తలుపు విడిగా. తలుపు కోసం కోసిన ముక్కనే తలుపుగా వాడదామనుకుంటారు, అక్కడే తప్పు జరుగుతుంది. కోత అంచుల్లో పోయే తీగ వల్ల ఆ ముక్క సందుకి చాలదు. 35×40 సందు కోస్తే తలుపు 40×45 ఉండాలి, చుట్టూ 2.5 సెం.మీ. బయటి నుంచి కప్పేలా. అంటే ఇంకో 45 సెం.మీ. మొత్తం 5.65, ఆరు మీటర్లు తెచ్చుకోండి.

అంచులు కలపడానికి స్టీలు జె-క్లిప్పులు, ప్రతి 5 సెం.మీ.కి ఒకటి. నిలువు అంచులు నాలుగు కలిపి 400, పైన 240, కింద 240, మొత్తం 880 సెం.మీ. కాబట్టి 176. వంకర పోయేవాటితో కలిపి 200 పెట్టుకోండి. ప్లయర్ ఒకటి ఆ క్లిప్పులకే చేసింది దొరుకుతుంది, మామూలు కటింగ్ ప్లయర్‌తో నొక్కితే క్లిప్పు పూర్తిగా మూసుకోదు, ముల్లు లోపలికి నిలబడుతుంది.

కోసిన ప్రతి తీగ కొననీ ఆకురాయితో గుండ్రం చేయండి. గుండ్రం చేసిన చోట పూత ఉండదు కనక ఆ కొనలు బయటి వైపుకి రావాలి. చెక్క ఫ్రేమ్ మాత్రం వద్దు. మూడు నెలల్లో ఉచ్చ పీల్చుకుని నల్లబడుతుంది, ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన పోదు.

వెట్‌బల్ల

జల్లెడ గారు పూత ఉన్న మెష్ అన్నారు, దానికి కారణం కూడా చెప్పాలి. పూత లేని గాల్వనైజ్డ్ మెష్ మీద ఉండేది జింకు. ఉచ్చ తగిలి తెల్లటి పొడిలా రేగుతుంది, అరికాళ్లకీ బొచ్చుకీ అంటుతుంది. ఇవి నాలుకతో ఒళ్ళు శుభ్రం చేసుకునే జీవులు కనక అదంతా కడుపులోకే పోతుంది. జింకు విషం. కొన్న కేజ్ అయితే పౌడర్ కోటింగ్ ఉన్నది చూడండి, ముఖ్యంగా తలుపు బందుల దగ్గరా ట్రే జారే గాడి దగ్గరా. ముందు గీసుకుపోయేది అక్కడే.

పీవీసీ పూత కూడా శాశ్వతం కాదు. కింది ముందుపళ్లు పొడుగ్గా ముందుకి ఉంటాయి, చెట్టు బెరడు గీకి జిగురు తాగడానికి. ఆ పళ్లతో ఒకే చోట రోజూ గీకితే పూత లేస్తుంది, కింద తుప్పు మొదలవుతుంది. అలాంటి ముక్కని మార్చేయాలి. పళ్లు ఎలుకలకి పెరిగినట్టు జీవితాంతం పెరుగుతూ ఉండవు, ఇవి ఎలుక జాతి కానే కాదు, కంగారూ లాగా సంచీ జంతువులు. కాబట్టి వాటి పళ్లని ఎవరైనా కత్తిరిస్తామంటే ఒప్పుకోకండి.

గాజు తొట్టి గురించి అడగలేదు గానీ చెప్పేస్తాను: వద్దు. గాలి ఆడదు, ఉచ్చ ఆవిరి లోపలే నిలుస్తుంది, ఎక్కడానికి పట్టు దొరకదు.

మూడోమెట్టు

చాలా థాంక్సండీ. మెష్ కట్టుకోవడానికే మొగ్గుతున్నాను. రెండు భయాలు మిగిలాయి. పడుకునే గది కాబట్టి చప్పుడు, వాసన. వీల్ అసలు పెట్టకపోతే కుదరదా?

రాత్రికాపలా

చిన్న కేజ్‌లో వీల్ తీసేస్తే రాత్రంతా అవి చేసే పని ఇంకేదో ఉంటుంది, తీగ కొరకడమో ఒకే చోట గుండ్రంగా తిరగడమో. పెట్టండి. చప్పుడు చేసేది సాధారణంగా వీల్ కాదు, వీల్ బిగించిన మెష్. నట్టుకీ మెష్‌కీ మధ్య రబ్బరు వాషర్ వేయండి, రెండు వైపులా. ఇంకో చప్పుడు ట్రేది. దాని అంచు కింద, గ్లైడర్లకి అందని వైపు, సన్న రబ్బరు పట్టీ అతికించండి. కాళ్లకి చక్రాలుంటే లాక్ ఉన్నవే.

వాటి అరుపు సంగతికి మందు లేదు. అర్ధరాత్రి చిన్న కుక్కపిల్లలా భౌభౌమంటాయి, కొన్ని పది నిమిషాలు ఆపవు. అది తట్టుకోలేమనుకుంటే కేజ్ ఈ గదిలో పెట్టకపోవడమే దారి.

వీల్ కొనేటప్పుడు: వ్యాసం 30 సెం.మీ. లేక కొంచెం తక్కువ, 28 దాకా సరే. మధ్యలో పరిగెత్తే దారికి అడ్డంగా ఇరుసు ఉండకూడదు, ఉంటే తోక చుట్టుకుంటుంది. మెట్లు మెట్లుగా తీగలున్నది కూడా వద్దు. వెనక నుంచి మాత్రమే పట్టి తిరిగే రకం, లోపల అడ్డం ఏదీ లేనిది. చిట్టెలుకల కేజ్‌తో ఉచితంగా వచ్చే చిన్న వీల్‌ని చెత్తబుట్టలో వేయండి.

వాసన సగం మగ గ్లైడర్ గ్రంథులది, సగం తుడవని చోటులది. వీల్ తిరుగుతూ ఉచ్చ చిమ్ముతుంది, గోడ మీద చారలు కనపడేది అందుకే. వీల్ వెనక వైపు మెష్‌కి 3 సెం.మీ. దూరంగా యాక్రిలిక్ షీట్ నిలబెట్టండి. మెష్‌కి ఆనించి పెడితే గాలి ఆగిపోతుంది, అంచు కొరుకుతాయి.

తిండి గిన్నె వీల్‌కీ సంచీకీ నేరుగా కింద ఉండకూడదు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాకి పక్కన 7–8 సెం.మీ. రంధ్రం చేసి, అంచు నున్నగా చేసి, అందులో గిన్నె పెడితే తినేటప్పుడు విసిరే ముక్కలు డబ్బాలోనే ఉంటాయి. పండు రసం పీల్చి పిప్పి ఉమ్మేస్తాయి కదా, ఆ పిప్పి మెష్ మీద ఎండితే గోరుతో గీకాల్సొస్తుంది.

పొదుపుసంచీ

సంచీ గురించి ఎవరూ మాట్లాడలేదు, ఇక్కడే ఎక్కువ ప్రమాదాలు జరుగుతాయి.

వెనక కాలు దగ్గరగా చూడండి. రెండో వేలూ మూడో వేలూ చర్మంతో కలిసిపోయి ఉంటాయి, చివర రెండు చిన్న గోళ్లు విడివిడిగా, దువ్వెన పళ్లలాగా. ఒళ్ళు దువ్వుకునేది దాంతోనే. సంచీ లోపల ఒక్క దారం ఉచ్చులా లేచి ఉంటే ఆ రెండు గోళ్ల మధ్యకి సరిగ్గా దిగుతుంది. చిక్కుకున్న జీవి వెనక్కి లాగదు, ఒళ్ళంతా తిప్పుతుంది. ఒక్కో తిప్పుకీ దారం ఇంకో చుట్టు బిగుస్తుంది. తెల్లారేసరికి వేలు నీలంగా వాచి ఉంటుంది, లేదా అదే కొరుక్కుని ఉంటుంది.

అందుకే ఫ్లీస్ గుడ్డ తప్ప ఇంకేదీ వాడకండి. టవల్ గుడ్డ, అల్లిన ఉన్ని, పాత బనియన్, అన్నీ వద్దు. రెండు పొరలు, కుట్టు రెండు పొరల మధ్యకి పోయేలా, లోపల చెయ్యి పెట్టి తిప్పితే ఎక్కడా దారం తగలకూడదు. జంటకి 25 లోతు, 20 వెడల్పు చాలు. కుట్టు చిన్నగా, దగ్గరదగ్గరగా వేయండి. కుట్టు ఒకటి తెగినా ఉచ్చు పెద్దది కాదు. ఉతికిన ప్రతిసారీ లోపలిది బయటికి తిప్పి వెలుతురులో చూడండి. గోళ్లు పెరిగితే ఫ్లీస్‌ని కూడా లాగుతాయి కనక కొనలు మాత్రం కత్తిరిస్తూ ఉండాలి.

ఊగడానికి నూలు తాడు కడుతుంటారు. అది కూడా విప్పుకుపోతుంది. ఫ్లీస్ పట్టీలు మూడు జడలా అల్లి కట్టండి, చాలు.

సంచీలు మూడు పెట్టుకోండి. అన్నీ ఒకేరోజు ఉతక్కండి. తమ వాసన ఏదీ మిగలకపోతే మగది కంగారుపడి ఇల్లంతా మళ్లీ గుర్తులు పెడుతుంది, అంటే శుభ్రం చేసిన రోజే ఎక్కువ కంపు. ఒకటి మార్చినప్పుడు రెండోది పాతదే ఉండాలి. సుగంధం లేని సబ్బు, మెత్తబరిచే ద్రవాలు వద్దు.

తోకచివర

కడగడానికి ఏం వాడతారు? బ్లీచ్ వేసి తుడిస్తే వాసన వెంటనే పోతుందని విన్నాను.

వెట్‌బల్ల

ఎండిన ఉచ్చ మీద బ్లీచ్ పోయకండి. అమ్మోనియాతో కలిసి క్లోరమైన్ ఆవిరి లేస్తుంది, మీకూ మంచిది కాదు, వాటికి అసలే కాదు. వెనిగర్‌తో కలిపితే క్లోరిన్ వాయువు, అది ఇంకా చెడ్డది. వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి చల్లి, పది నిమిషాలు నాననిచ్చి, బ్రష్‌తో రుద్ది, మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి అప్పుడు లోపల వదలండి. మెష్‌కి రెండు వారాలకోసారి, ట్రేలో కాగితం రోజూ లేదా రోజు విడిచి రోజు. ట్రేలో దేవదారు, పైన్ పొట్టు వేయొద్దు, వాటి ఘాటు ఊపిరితిత్తులకి పట్టేస్తుంది. ఉత్త కాగితం చాలు.

చోటు విషయంలో ఒకటి. ఎత్తు కేజ్‌లో పడుకునే సంచీ సీలింగ్‌కి దగ్గరగా వస్తుంది. వేడి గాలి పైకి చేరుతుంది, నేల మీద 27 ఉన్నప్పుడు అక్కడ రెండు మూడు డిగ్రీలు ఎక్కువ ఉండొచ్చు. థర్మామీటర్ గోడకి కాదు, సంచీ పక్కన కట్టండి. 24 నుంచి 27 వాటికి హాయి. 31 దాటితే సంచీ బయట కాళ్లు చాపి బోర్లా పడుకుంటాయి, అది సుఖంగా పడుకున్నట్టు కాదు. బాగా చల్లబడితే ఒళ్ళు చల్లగా, కదలకుండా మొద్దుబారిపోతాయి, చచ్చిపోయాయనుకుని కంగారుపడకండి, ఒంటికి ఆనించుకుని మెల్లగా వేడెక్కించి డాక్టరుకి చూపించండి. ఏసీ గాలి నేరుగా తగిలే చోటూ, ఎండ పడే కిటికీ పక్కనా, పొగ వచ్చే వంటగదీ వద్దు.

ఇంకోటి, వెనక కాళ్లు ఈడుస్తున్నట్టు కనపడితే ఎత్తు కేజ్‌లో ఉంచకండి. కాల్షియం తక్కువైనప్పుడు ఇలా అవుతుంది, పట్టు తప్పి పై నుంచి పడితే ఎముక విరుగుతుంది. డాక్టరు చూసేదాకా తక్కువ ఎత్తు పెట్టెలో పెట్టండి. మీ మూడింటిలో ఆ చిట్టెలుకల కేజ్ పనికొచ్చేది దానికే.

మూడోమెట్టు

సరే అండీ, ఇలా అనుకుంటున్నాను. 60×60×100, కింద 40 సెం.మీ. ఎత్తు స్టాండు, మొత్తం 140. తలుపు ఒకటే, ముందు వైపు నడిమికి, 35×40. పైన ఎడమ మూలన సంచీ, కుడి గోడకి వీల్ మధ్య ఎత్తులో, తిండి డబ్బా ఎడమ వైపు తలుపు అంచు దగ్గర. నీళ్ల సీసా ఒకటి. నీలగిరి కొమ్మలు రెండు అడ్డంగా. తప్పులుంటే చెప్పండి.

జల్లెడ

తలుపు 35 వెడల్పు, వీల్ 30, దూరుతుంది. కానీ వీల్‌కి వెనక స్టాండు పట్టీ ఉంటే దాంతో కలిపి కొలవండి. దూరకపోతే రోజూ విప్పి కడగాల్సొస్తుంది, రెండు వారాల తర్వాత ఎవరూ కడగరు.

తలుపు ఒక్కటి చాలదు. సంచీ పై మూలన అన్నారు, నడిమి తలుపులోంచి మీ చెయ్యి అక్కడికి వెళ్లాలంటే భుజం దాకా లోపల పెట్టాలి. ఆ సందులోంచే రెండోది మీ చొక్కా మీదుగా బయటికి పాకుతుంది. సంచీ ఎదురుగా పైన 15×15 చిన్న తలుపు ఇంకోటి కోయండి, దాని మూత 20×20. మీరు తెచ్చుకునే ఆరు మీటర్లలో మిగిలే 35 సెం.మీ. ముక్కలోంచే వస్తుంది. దానికీ కొక్కెం మర్చిపోకండి.

అడుగు మెష్ కింద ట్రేకి 5 సెం.మీ. ఖాళీ ఉంచండి. పడిన తిండిని మళ్లీ చేత్తో అందుకోలేవు. ట్రే మెష్ కంటే చుట్టూ 3 సెం.మీ. పెద్దదిగా ఉంటే గోడ పక్క నేల తడవదు. మీ మూలలో 66 పడుతుంది.

రాత్రికాపలా

నీళ్ల సీసాలు రెండు పెట్టండి. మూతిలో గోళీ ఇరుక్కుంటే బయటికి నిండుగానే కనపడుతుంది. రోజూ వేలితో ఒకసారి నొక్కి చుక్క వస్తుందో లేదో చూడండి. ఒకటి వీల్ వైపు, ఒకటి సంచీ వైపు, రెండింటి ఎత్తు వేరువేరుగా.

కొమ్మలకి మందు కొట్టలేదని తెలిస్తేనే తీసుకోండి, కడిగి, ఎండబెట్టి పెట్టండి. ఒకే మందం ఉన్నవి కాకుండా ఒకటి బొటనవేలంత, ఒకటి మణికట్టంత. చివర్లు స్క్రూతో బయటి నుంచి బిగించండి, ఊగితే ఎక్కవు.

వాటిని బయటికి వదిలే గంటలో టాయిలెట్ మూత వేసి ఉంచండి, బకెట్లలో నీళ్లు ఉంచకండి. గోడకీ బీరువాకీ మధ్య రెండు వేళ్ల సందు ఉంటే గుడ్డ కుక్కండి, ఒకసారి వెనక్కి దూరితే పగలు నిద్రొచ్చేదాకా రావు.

మూడోమెట్టు

రెండు తలుపులు, రెండు సీసాలు, 66 ట్రే రాసుకున్నాను. సంచీలు మూడు కుట్టాలి. జె-క్లిప్పుల ప్లయర్ విడిగా కొనాల్సిందేనా, అద్దెకి తెచ్చుకుంటే చాలదా?

జల్లెడ

అద్దెకి దొరికితే చాలు. కానీ పూత లేచిన మెష్ ముక్క మార్చేటప్పుడు మళ్లీ కావాలి. ఇవి పది, పన్నెండేళ్లు బతికే జీవాలు. కొనేసుకోండి.